ఇంజన్ ఆగినా పంపు ఆగలేదు

రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే నాకు వారాంతంలో కాలక్షేపం మా 1966 మస్టాంగ్. డాలస్ ఎండలకి గ్యాస్ పైపులోనే ఆవిరైపోయి, సిగ్నళ్ళ దగ్గర బండి ఆగిపోయేది. పాత పంపు ఇంజన్‌కే బిగించి ఉంటుంది కదా, ఆ వేడంతా దానికీ తగులుతుంది. అందుకని దాన్ని తీసేసి, ఆ కంతకి రేకు మూత బిగించి, వెనక ట్యాంకు పక్కన కరెంటు పంపు పెట్టాను. ఈ పంపులకి తోయడం బాగా వచ్చు, పీల్చడం అంతగా రాదు. కార్బురేటర్‌కి సుమారు 6 పీఎస్ఐ మించకూడదు గనక రెగ్యులేటర్ కూడా తగిలించాను.

ఒకరోజు దారిలో ఇంజన్ ఆగింది. తాళం ఆన్‌లోనే ఉంది. వెనక సీట్లోంచి మా అమ్మాయి "నాన్నా, గ్యాస్ వాసన!" అంది. చూస్తే కార్బురేటర్ సూదికి చెత్త అడ్డుపడి, గ్యాస్ వేడి ఇంజన్ మీదికి పొంగుతోంది. పాత పంపయితే ఇంజన్‌తోపాటే ఆగేది. కొత్తది నేను తాళం తిప్పేదాకా ఆగలేదు.

ఇప్పుడు ఆయిల్ ప్రెషర్ పడిపోతే కరెంటు ఆపే స్విచ్చి, బండి దేన్నయినా గుద్దితే ఆపే ఇనర్షియా స్విచ్చి, రిలే, ఫ్యూజు అన్నీ ఉన్నాయి. మీరూ పంపు మార్చేటట్టయితే ముందు ఆ స్విచ్చిలు కొనండి, తర్వాతే పంపు. సెలవు.