మత్తు పదార్థములు - మన గృహములు
(మన సంఘ సభలో ఒక వర్తక సభ్యుడు చేసిన ఉపన్యాస పాఠము)



నేను వైద్యుడను గాను, పండితుడను గాను. పదవ తరగతితో చదువు ముగించి అంగడిలో కూర్చున్నవాడను. కావున మద్యము, పొగాకు, ఇతర మత్తు పదార్థములను గూర్చి వర్తకుని పద్ధతినే, జమాఖర్చుల లెక్కగా, మీ ముందుంచెదను.

ఒక ఇంట రోజునకు 100 రూపాయలు త్రాగుడునకు పోవుచున్నవనుకొందము. సంవత్సరమునకు 36,500, పది సంవత్సరములకు 3,65,000 రూపాయలు. ఇందు వడ్డీ వేయలేదు. పనికి పోని దినముల నష్టము కలుపలేదు. ఆసుపత్రి ఖర్చు వ్రాయలేదు. భార్య కన్నీటికిని, బిడ్డల చదువు చెడుటకును ఏ చిట్టాలోను పద్దు లేదు. ఇంత ఖర్చునకు ఎదురుగా జమవైపున వ్రాయదగినదేదియు నాకు కానరాదు.

ఇక దేహము మాట. మద్యమువలన కాలేయమునకు మొదట క్రొవ్వు పట్టును. పిదప వాపు కలుగును. తుదకది గట్టిపడి పనిచేయుట మానును. అప్పుడు పొట్టలో నీరు చేరును, రక్తపు వాంతులగును. "కొంచెము పుచ్చుకొనిన మేలే" యనువారు మనలో గలరు. మద్యమునకు హానిలేని మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టముగా ప్రకటించినది. పొగాకువలన మన దేశమున ఏటేట 13 లక్షలకు పైగా జనులు మరణించుచున్నారని ఆ సంస్థయే చెప్పుచున్నది. పొగ త్రాగువారికంటె నమలువారే మనదేశమున నెక్కువ. ఒట్టి వక్కయు నిరపాయము కాదు. దానిని నిత్యము నములువారికి బుగ్గలు బిగిసి నోరు తెరచుకొనదు. అన్నపు ముద్ద పట్టదు. కొందరికది క్యాన్సరుగా మారును. గంజాయి, నిద్రమాత్రలు, దగ్గుమందుల దురలవాటు మన పిల్లల చదువులనే కాక మతులను గూడ చెరచునవి.

చట్టము లేదా యని అడుగవచ్చును. మన ప్రాంతము చట్టములను చాల చూచినది. మనము మద్రాసు రాష్ట్రమున నున్నప్పుడే, 1948లో, ఆ రాష్ట్రమంతట మద్యనిషేధము అమలయ్యెను. 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరులో చేరినది. ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రకు పోయినవి. మరుసటి సంవత్సరమే ఆంధ్రలో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వము ఈ మద్యనిషేధ వివాదముననే ఒక్క వోటుతో పడిపోయెను. 1995లో ఆంధ్రప్రదేశమున వచ్చిన సంపూర్ణ నిషేధము రెండేండ్లకే, 1997లో, తొలగినది. కర్ణాటకమున సారాయి 2007 జూలై 1న నిషిద్ధమైనను తక్కిన మద్యమునకు అడ్డు లేదు.

సరిహద్దువారమైన మనకు ఇందలి చిక్కు బాగుగా తెలియును. ఒక ప్రక్క ధర పెరిగిన, రెండవ ప్రక్కనుండి సరకు పారును. 2019 తరువాత ఆంధ్రలో మద్యపు ధరలు పెంచినప్పుడు మన ప్రక్కనుండి కాగితపు పెట్టెలలోని మద్యము అనంతపురము, కర్నూలు జిల్లాలకు దొంగచాటుగా పోయినది. త్రాగువారు ఉన్నంతకాలము తెచ్చువారికి కొదువ యుండదు. కావున గడప దగ్గర నిలుపవలసినదానిని గవిని దగ్గర నిలుపజాలము.

గడప దగ్గర నిలిపినవారు స్త్రీలు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో, రాత్రిబడిలో అక్షరములు నేర్చిన స్త్రీలు తమ ఊర సారాయిని ఆపివేసిరి. రోసమ్మగారి పేరు ఆ ఉద్యమమువలననే తెలుగునాట ప్రసిద్ధమయ్యెను. ఆ మాట ఊరూర ప్రాకి, సారాయి వేలము పాటలు సాగనీయక, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారాయి నిషేధమగునట్లు చేసినది. ధనబలము లేని స్త్రీలు చేయగలిగినది, అంగళ్లును మిద్దెలును గల మనము చేయలేమా?

నేను కోరునవి మూడు. మొదటిది వర్తక సోదరులకు. గుట్కాను నిషేధించిన పిదప పాన్‌మసాలా ఒక పొట్లముగను, పొగాకు మరియొక పొట్లముగను వచ్చుచున్నవి. రెండును కలుపుకొని తినిన అదియే గుట్కా. గల్లాపెట్టె ప్రక్కన వ్రేలాడు ఆ సరములను దింపివేయుడు. ఇరువదియొక్క ఏండ్లు నిండనివారికి పొగాకు అమ్ముట కర్ణాటకమున చట్టము ప్రకారము నేరము. ఆ బేరము పోయిన అంగడి మూతపడదు.

రెండవది, మన పెండ్లిండ్లలో విడిదింట సీసాలు తెరచు ఆచారము పోవలెను. గుంతకల్లునుండియు, రాయదుర్గమునుండియు వచ్చు చుట్టములకు మర్యాద చేయుటకు మన వంటలు చాలును.

మూడవది, అలవాటుపడినవానిని వెలివేయకుడు. మాల వేసుకొని నలుబదియొక్క దినములు మానువారిని మనమెరుగుదుము. ఇల్లంతయు, స్నేహితులందరును తోడుండుటచేతనే వారికది సాధ్యమగుచున్నది. దీక్ష విరమించిన పిదప ఆ తోడు పోవుటచే పలువురు మరల పట్టుచున్నారు. అయితే ఏండ్లతరబడి విస్తారముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానిన, రెండు మూడు దినములలో చేతులు వణకుట, మూర్ఛ, మతిభ్రమ కలుగవచ్చును. ప్రాణాపాయము గూడ కలదు. కావున గదిలో పెట్టి తాళము వేయక, వైద్యుని యొద్దకు తీసికొనిపొండు. మన ఊర ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి యున్నది. బెంగుళూరున నిమ్‌హాన్స్ యున్నది. మత్తు మానుటకు 14446, పొగాకు మానుటకు 1800-11-2356 అను సంఖ్యలకు ఖర్చులేకుండ ఫోను చేయవచ్చును.

తోడు పోవువారు లేనియెడల సంఘ సభ్యులలో ఒకరు తోడు పోవలెనని తీర్మానింప ప్రార్థించుచున్నాను. రోగి పేరు సభలోగాని పత్రికలోగాని రాకూడదు. రాష్ట్రములు మారినను మన తెలుగును మన ఇండ్లలో కాపాడుకొన్నాము. ఆ ఇండ్లనే మత్తునకు వదలివేసినచో, కాపాడిన భాషలో పిల్లలు వినునది తిట్లు మాత్రమే యగును. అట్లు కాకుండ చూచుట మన చేతులలోనే కలదు.