లెక్కకెక్కని ఆటగాడు



నేటి ప్రసంగ విషయము అమెరికా దేశపు ఆట యొకటి. వయసు మీఱిన మనకు దానితో పనియేమని మీరు శంకింపవచ్చును. అయినను, ఒకనిని తోడివారితో పోల్చి హెచ్చుతగ్గులు నిర్ణయించుట మన గ్రామములలోను నిత్యము జరుగు పనియే. ఆ పోలికకు న్యాయమెట్టిదో ఈ వృత్తాంతమువలన తెలియగలదు.

బేస్‌బాల్ అను ఈ ఆట క్రికెట్టునకు దాయాది వంటిది. ఒకడు బంతి విసరును; వేఱొకడు గుండ్రని కఱ్ఱతో కొట్టి, నాలుగు మజిలీలు చుట్టి వచ్చినచో ఒక పరుగు. ఇందు పదిమార్లు ప్రయత్నించి మూడుమార్లు సఫలుడైనవాడు దిట్టయే. కావున జీవితకాలమున వేయి ప్రయత్నములకెన్ని ఫలించినవో లెక్కించి ఆటగాండ్రను పోల్చుదురు. టై కాబ్ అను శ్వేతజాతీయుడు 1905 మొదలు 1928 వరకు ఆడి వేయింటికి 367 సాధించెను. దాదాపు నూఱేండ్లు అగ్రపీఠము అతనిదే.

2024 మే నెలలో ఆ పీఠము మాఱినది. క్రొత్తగా దాని నధిష్ఠించినవాడు గతించి అప్పటికే 77 ఏండ్లు. అతడు జాష్ గిబ్సన్. అతని లెక్క 372. ప్రయత్నమునకు సగటున ఎన్ని మజిలీలు గడించెనను లెక్కలోను అతడే ప్రథముడు: వేయింటికి 718. సుప్రసిద్ధుడగు బేబ్ రూత్ లెక్క 690.

ఇంతటివాని పేరు ఇన్నాళ్లు పట్టికలో ఏల లేదు? గిబ్సన్ నల్లజాతివాడు. పందొమ్మిదవ శతాబ్ది చివరనుండి 1947 వరకు, వ్రాతలో లేని కట్టుబాటొకటి నల్లవారిని పెద్ద లీగులలో కాలుపెట్టనీయలేదు. వారు నీగ్రో లీగులను పేర వేఱుగా ఆడుకొనిరి. గిబ్సన్ 1947 జనవరిలో, 35వ యేట మరణించెను. మూడు నెలలు గడవకమున్నే, ఏప్రిల్ 15న, జాకీ రాబిన్సన్ ఆ గడప దాటెను. 2020లో ఆ లీగులును పెద్దవేయని మేజర్ లీగ్ సంస్థ అంగీకరించెను. పరిశోధకులు పాత పత్రికలు తిరుగవేసి ఆటల వివరములను కూర్చిరి.

ఇచ్చట ఆక్షేపణ యొకటి కలదు. కాబ్ ప్రయత్నములు 11,000 పైచిలుకు. గిబ్సనువి 2,000 పైచిలుకే. ఇంత వ్యత్యాసమున్నప్పుడు పోలిక తగునా? ఆక్షేపణ సత్యమే. కాని ఆ కొఱత గిబ్సన్ చేసికొన్నది కాదు. అతని లీగులలో ఏటికి జరిగిన ఆటలే కొద్ది. ఊరూర తిరిగి ఆడినవి లెక్కకు రావు. అతడు సుమారు 800 మార్లు బంతిని ఆవరణ దాటించెనని 1972లో చేరిన కీర్తిమందిరపు ఫలకము చెప్పుచున్నది. అధికారిక పట్టికలో 200 అయినను లేవు.

ప్రత్యర్థులు బలహీనులందురా? అతనికి ఎదురునిలిచి బంతి విసరినవారిలో సాచెల్ పేజ్ ఒకడు. ఆ పేజ్ 1948లో, 42వ యేట, క్లీవ్‌లాండ్ జట్టున చేరి పెద్ద లీగులలోను రాణించెను. అదియునుగాక, గిబ్సన్ శ్వేతజాతి లీగులలో ఆడలేదన్నచో, కాబ్ సహితము తన లీగులో నల్లజాతి బంతిగాండ్రను ఎదుర్కొనలేదు గదా! ఆ గోడ ఇరువురి లెక్కలను అసంపూర్ణములు చేసినది.

నేను చిరకాలము ఉపాధ్యాయుడనై మార్కులు వేసితిని. ఇద్దఱు బాలురను ఒక్క పరీక్షకు కూర్చుండనిచ్చిన పిమ్మటనే వారిలో ఎవడు మేటియో చెప్పవలెను. ఒకనిని గుమ్మము వెలుపల నిలిపి, వాని పేరు పట్టికలో లేదనుట న్యాయముగాదు. 372 అను అంకె గిబ్సనునకు చెందవలసిన గౌరవమును కొంత తీర్చినది. అతడు కాబ్, రూత్ మొదలగువారితో ఒకే లీగున ఆడియున్నచో ఏమయ్యెడిదో మాత్రము ఏ పట్టికయు చెప్పజాలదు. మన గ్రామములలో ఎవనినైన తక్కువవాడని తీర్చుటకు ముందు, వానికి బరిలో చోటిచ్చితిమా యని మనలను మనమే ప్రశ్నించుకొందము గాక.