పత్తి ఉన్న ఇంట్లో పడుకునే ముందు
(మండల రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను మద్దతు ధర గురించి మాట్లాడతానని అనుకొని ఉంటారు. అక్కడికీ వస్తాను. ముందు ఒక మాట అడుగుతా. ఇప్పుడు మీలో ఎందరి ఇండ్లల్లో పత్తి ఉంది? చేతులెత్తండి. చూశారా, సగానికి పైనే ఉన్నారు.

తేమ 12 శాతం దాటితే సిసిఐ కొనదు. దళారి చెప్పిన రేటుకు అమ్మబుద్ధి కాదు. ఊళ్లో గోదాం లేదు. అందుకే ముందటి అర్రలో పత్తి, వెనక అర్రలో పిల్లలు. ఆదిలాబాద్ చలి సంగతి మీకు తెలిసిందే. తలుపులన్నీ మూసి, బొగ్గుల కుంపటి మంచం పక్కన పెట్టుకుంటాం.

పోయిన చలికాలం మా అమ్మ అట్లనే పడుకుంది. తెల్లవారి లేవలేకపోయింది. తలనొప్పి, వాంతులు. పైత్యం అనుకున్నాం. దవాఖానలో డాక్టరు చెప్పాడు, అది బొగ్గుల నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ అని. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు ఉండాల్సిన చోట అది కూర్చుంటుంది. నిద్రలో ఉన్న మనిషికి తెలియనే తెలియదు. పొగ రాని ఎర్రటి నిప్పుల నుంచి కూడా అది వస్తుంది. పక్కన నీళ్ల చెంబు పెడితే పోతుందనేది వట్టి మాట. అర్రలో నడిపే జనరేటరుదీ ఇదే కథ.

పత్తిది ఇంకో తీరు. ఒక్క బీడీ ముక్క, ఒక్క వైరు రవ్వ చాలు. మంట కనబడకుండా కుప్ప లోపల గంటల తరబడి రాజుకుంటది. అప్పుడు పొగతో పాటు ఈ విషవాయువూ వస్తుంది. పైన నీళ్లు చల్లితే ఆరినట్టు కనిపిస్తది, లోపల ఆరదు.

అందుకే రెండు అలారాల గురించి చెబుతున్నా. ఒకటి పొగను పట్టేది. దాన్ని పడుకునే అర్ర కప్పుకు బిగించాలి. కట్టెల పొయ్యి దగ్గర పెడితే ఊరికే మోగుతుంది, విసుగొచ్చి మనమే తీసేస్తాం. రెండోది కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టేది. అది పడుకునే చోటనే ఉండాలి. ఒకటి ఇంకోదాని పని చేయదు. బ్యాటరీవి కొంటే కరెంటు పోయినా పనిచేస్తాయి. నెలకోసారి బటన్ నొక్కి చూడండి. వాటికీ గడువు ఉంటుంది, తేదీ చూసి మార్చండి.

అలారం మోగితే పత్తి కోసం లోపలికి ఉరకవద్దు. ముందు మనుషులందరూ బయటికి రావాలి. తర్వాత నిప్పుకు 101కు, మనిషికి 108కు ఫోన్ చేయండి. అలారం ఉంది కదా అని కుంపటి లోపల పెట్టడం కూడా తప్పే. దాన్ని బయటనే ఉంచండి.

ఇక మద్దతు ధర సంగతి. పత్తి మన మంచాల పక్కకు ఎందుకు వచ్చింది? అమ్మే దారి లేక, దాచే చోటు లేక. ఊరికో గోదాం, ఆరబెట్టే కల్లం, వేళకు కొనుగోలు కావాలె. పత్తి నిల్వ ఉన్న ప్రతి ఇంటికి ఈ రెండు అలారాలు సబ్సిడీ మీద ఇవ్వాలె. ఈ తీర్మానాన్ని మీ ముందు పెడుతున్నా. ఒప్పుకునేవాళ్లు మళ్లీ చేతులెత్తండి.

ఈ రాత్రి మాత్రం తీర్మానం కోసం ఆగకండి. ఇంటికి పోగానే కుంపటి వాకిట్లో పెట్టండి.

రైతు ఐక్యత వర్ధిల్లాలి!