సూర్యరశ్మియు మన యారోగ్యమును
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మార్కండేయ మహర్షి వంశమున భావనాఋషి జన్మించెననియు, ఆయన సూర్యపుత్రికయగు భద్రావతిని పరిణయమాడెననియు మన పెద్దలు చెప్పుదురు. ఆ కథనుబట్టి పద్మశాలీయులు సూర్యునకు దౌహిత్ర సంతతివారు. అట్టి మనకు నేడు తాతగారి వెలుగే కఱవగుచున్నదని విన్నవించుటకు ఈ వేదిక నెక్కితిని.

గుంటమగ్గముల కాలమున నేతగాడు ఇంటిలోనే కూర్చుండినను, పడుగుపని వీథిలోనే సాగుచుండెను. ప్రొద్దుననే పడుగు సాగదీసి, గంజిపెట్టి, కుంచెతో దువ్వునపుడు ఇల్లాలును బిడ్డలును ఎండలోనే మెలగుచుండిరి. ఇప్పుడు సిరిసిల్లలో ఆ పని సైజింగు యంత్రములు చేయుచున్నవి. మరమగ్గముల కార్ఖానాలో రేకుల క్రింద దినమంతయు నిలుచువానికి సూర్యుడు గోడకావలివాడు. రాత్రిపని చేయువాడు పగలు నిద్రించును. మన యాడువారిలో ననేకులు నీడపట్టున కూర్చుండి బీడీలు చుట్టుదురు. ఆదిలాబాదు అడవులలో మండువేసవిని కోసిన తునికాకు చూచినంత యెండను, దానిని చుట్టెడి చేయి చూచుటలేదు.

దీనివలన హాని యేమి యందురా? సూర్యకాంతిలోని అతినీల లోహిత కిరణములు చర్మమునకు తాకినపుడు అందలి కొవ్వుజాతి పదార్థ మొకటి డి విటమినుగా మాఱును. అది కాలేయమునందును, పిమ్మట మూత్రపిండములందును సంస్కారము పొంది, మనము తిన్న ఆహారములోని కాల్షియమును ప్రేగులు గ్రహించునట్లు చేయును. అది లేనిచో ఎంత తిన్నను కాల్షియము చాలినంత ఒంటబట్టదు. బిడ్డలకు ఎముకలు గట్టిపడక కాళ్లు వంకరలు పోవును. దీనినే రికెట్సు అందురు. పెద్దలకు ఎముకలు మెత్తబడి నడుము, తొడలు నొచ్చును. కూర్చున్నవారు చేయూతలేక లేవలేరు. మన యిండ్లలో దీనిని వాతమనియో, కాన్పుల బలహీనతయనియో త్రోసివేయుదురు. ఆ తల్లి మూలుగుచునే బీడీల లెక్క పూర్తిచేయును. పరీక్షించి చికిత్స చేసినచో నయమగు బాధను విధివ్రాత యని భరించుట న్యాయమా?

1922లో హచిసన్, షా అను వైద్యులు నాసిక్ ప్రాంతమున పరిశోధించి, ఘోషాలో నుంచబడిన కలవారి బిడ్డలకు రికెట్సు వచ్చుచున్నదనియు, తిండి చాలకున్నను ఎండలో తిరుగు పేదల బిడ్డలు తప్పించుకొనుచున్నారనియు ప్రకటించిరి. తిరుపతి శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థవారు 2007లో ప్రకటించిన పరిశోధనలో, పల్లెవాసుల రక్తమున ఈ విటమిను పట్టణవాసులకన్న నెక్కువగా నుండెను. అయినను ఉభయులలోను పెక్కుమందికి అది చాలినంత లేదు. వారి యాహారమున కాల్షియమును తక్కువయే. ఎండ గల దేశమున నుండుట వేఱు, ఎండ ఒంటికి తగులుట వేఱు.

కావున చేయవలసిన దేమి? మన నీడ మన యెత్తుకన్న పొట్టిగా నున్నపుడే ఈ కిరణములు మెండుగా నుండును. చలికాలమున నది పదునొకండు మొదలు ఒంటిగంటవఱకు. వేసవిలో తొమ్మిదికే ఆ వేళ యగును. మన ప్రాంతపు వేసవిలో మిట్టమధ్యాహ్నము నిలుచుట వడదెబ్బను కొనితెచ్చుకొనుట; తొమ్మిదిగంటల యెండయే చాలును. ముఖము, చేతులు, కాళ్లకు కొంతసే పెండ తగులవలయును. చామనచాయవారికి తెల్లనివారికన్న నెక్కువసేపు కావలయును. కిటికీ అద్దముగుండ వచ్చు ఎండ ఇందుల కక్కఱకురాదు.

ఎండతోబాటు కాల్షియమును కావలయును. నూఱు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాములుండగా, బియ్యమున నందు ముప్పదవవంతైనను లేదు. పాలు, పెరుగు, నువ్వులు, ఆకుకూరలు వాడుడు. భారత వైద్య పరిశోధన మండలి 2020లో పెద్దలకు దినమునకు 600 యూనిట్ల డి విటమినును, 1000 మిల్లీగ్రాముల కాల్షియమును నిర్ణయించినది. తల్లిపాలలో ఈ విటమిను స్వల్పము. కాన శిశువునకు తొలి యేడాది దినమునకు 400 యూనిట్ల చుక్కలను వైద్యు నడిగి వేయవలయును.

అయితే దీనిని సర్వరోగ నివారిణి యని నేను చెప్పను. అమెరికాలో సుమారు 26 వేలమందిపై జరిపి 2018లో ఫలితములు వెల్లడించిన పరీక్షలో, దినమునకు 2000 యూనిట్లు మ్రింగినను క్యాన్సరుగాని గుండెజబ్బుగాని వచ్చుట తగ్గలేదు. కొఱత గలవానికి ఇది ఔషధము. కొఱత లేనివానికి వ్యర్థవ్యయము. సొంతముగా పదేపదే సూదులు వేయించుకొన్నచో రక్తమున కాల్షియము మితిమీఱి మూత్రపిండములు చెడును.

పోషక మహాశయులారా! సత్రములకు, కల్యాణమండపములకు మీరు ధారాళముగ నిచ్చితిరి. ఇక మూడు పనులు కోరుచున్నాను. మన విద్యార్థి వసతిగృహములలో ఎండపడు ముంగిలి నుంచుడు. కార్ఖానాల యజమానులు కూలి తగ్గింపక పగటివేళ అరగంట వెలుపలి విశ్రాంతి నిండు. ఏటేట ఈ మహాసభనాడు వైద్యుని పిలిపించి, బీడీలు చుట్టు తల్లుల నొప్పులను పరీక్షింపజేయుడు. సూర్యుడు కూలి యడుగడు. వాకిలి తెఱచుటయే మనవంతు.