సదరం శిబిరంలో కాళ్ళ సంగతి చెప్పడం

(ఆత్మకూరులో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఎ. సంగతి ముందు మాట్లాడినవారు చెప్పేశారు కనుక నేను ఆ జోలికి పోను.

మనం సర్వీసు పెన్షన్ తీసుకునేవాళ్ళం. వికలాంగులకిచ్చే సామాజిక పెన్షన్ మనకు రాదు. అయినా పల్లెల్లో కాళ్ళు పట్టుకుపోయిన మన అన్నదమ్ములు, మేనమామలు కాగితం చేతబట్టుకుని ముందుగా వచ్చేది మన గడపకే. 2024 జూలైలో ఆ పెన్షన్ నెలకు 6000 రూపాయలైంది. మెట్ట ఊళ్ళో ఆ డబ్బు విలువ ఎంతో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

ఉదయగిరి, వరికుంటపాడు వైపు బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఉందన్నది పాత సంగతే. ఆ నీళ్ళ వల్ల వచ్చే ఎముకల జబ్బు గురించి మన దేశంలో వైద్యులు తొలిసారి రాసింది 1937లో, ఆనాటి ఉమ్మడి నెల్లూరు జిల్లా రోగులను చూసే. కానీ 2016 నాటి చట్టంలోని 21 వైకల్యాలలో ఫ్లోరోసిస్ పేరు లేదు. అందుచేత "నాకు ఫ్లోరైడ్ జబ్బు సామీ" అన్నంత మాత్రాన పని జరగదు. కాళ్ళు ఏ పని చేయలేకపోతున్నాయో చెప్పాలి. 40 శాతం వస్తేనే పెన్షన్.

ఆ శాతం ఎలా కడతారు? కేంద్రం గెజిట్‌లో ప్రకటించిన మార్గదర్శకాల్లో కాళ్ళకు రెండు లెక్కలున్నాయి. కీళ్ళ కదలిక, కండరాల బలం ఒకటి. అది డాక్టరుగారు పట్టి చూసుకుంటారు. రెండోది నిలకడ. చదునున నడవడం, ఏటవాలున నడవడం, మెట్లెక్కడం, రెండు కాళ్ళ మీద నిలబడడం, దెబ్బతిన్న కాలి మీద నిలబడడం, గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకోవడం, మోకాళ్ళ మీద నిలవడం, మలుపు తిరగడం. తొమ్మిది పనులు, ఒక్కోదానికి 10 చొప్పున 90. మన ఇళ్ళలో రోజూ చేసే పనులే ఇవన్నీ.

మా వైపు రైతు ఒకాయన్ని శిబిరంలో అడిగారు.

"పెద్దాయనా, నడుస్తావా?"

"ఏదో నడుస్తా సామీ."

"ఎట్టా వచ్చావు?"

"బస్సులో వచ్చా."

అంతే. ఆయన అబద్ధమాడలేదు. కానీ బస్సు మెట్టు మీదికి కొడుకు వెనకనుంచి ఎత్తి పెట్టాడని, బస్టాండు నుంచి వచ్చేలోగా రెండు చోట్ల కూలబడ్డాడని చెప్పలేదు. ఆ ముక్కలు తెలిసిన భార్య గది బయటే నిలబడిపోయింది. బిగ్గరగా బాధ చెప్పుకోవడం మనవాళ్ళకు నామోషీ. దొడ్డికి కూర్చోలేనని పరాయివాళ్ళ ముందు చెప్పడం మరీ సిగ్గు.

తర్వాత ఆయన నోటి మాటలే తెల్లకాగితం మీద రాసిచ్చాను. "ఇంటి నుంచి రచ్చబండకు వంద గజాలు. మధ్యలో ఒకసారి కూర్చోవాలి. కట్టె లేకుండా అడుగు పడదు. నేల మీద కూర్చుంటే చంకల కింద చేతులు వేసి లేపాలి. గొంతుక్కూర్చోలేను, దొడ్డికి నడుమ కోసిన కుర్చీ వాడుతున్నాను. పోయిన నెల గడప దగ్గర రెండుసార్లు పడ్డాను." ఇందులో "చాలా", "భరించరాని" లాంటి మాట ఒక్కటీ లేదని గమనించండి. ముప్పై ఏళ్ళు అర్జీలు చదివినవాణ్ణి. ఎంత దూరం, ఎన్నిసార్లు, ఎవరి సాయంతో అన్నవి ఉన్న అర్జీయే పైఅధికారి చేతిలో ఆగుతుంది.

ఉన్నదానికి మించి చెప్పమని నేనెవరికీ చెప్పను. 2025లో వికలాంగుల పెన్షన్లను మళ్ళీ పరీక్షించారు. లేనిది చెప్పి తెచ్చుకున్నవాళ్ళ వల్ల నిజంగా కదల్లేనివాణ్ణీ అనుమానంగా చూసే రోజులొచ్చాయి.

మన ఇళ్ళ మాట ఒకటి. సంపాదించుకోలేని వికలాంగ సంతానానికి మన తర్వాత జీవితాంతం కుటుంబ పెన్షన్‌కు అవకాశం ఉంది. దానికీ డాక్టరు సర్టిఫికెట్ కావాలి. మనం ఉండగానే ఆ కాగితం తీసిపెట్టండి.

సదరం స్లాట్ మీసేవలోగానీ సచివాలయంలోగానీ తీసుకోవచ్చు. ఆ రోజు ఉతికిన పంచె కట్టుకోండి, తప్పులేదు. కట్టెను మాత్రం మర్యాద కాదని ఇంట్లో వదిలి పోకండి. రోజూ లేపి కూర్చోబెట్టే మనిషిని లోపలికి వెంట తీసుకుపోండి. కాగితం రాయించుకోవాలనుకునేవారు ఉదయం పూట మన సంఘం గదికి రండి, నేనుంటాను. సెలవు.