యాత్రల్లో ఫొటోలు తీసేటప్పుడు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఫొటోగ్రాఫర్‌ను కాను, లెక్కల విభాగంలో పనిచేసి రిటైరయినవాణ్ణి. అయినా ఈ విషయం మీద మాట్లాడతానని నేనే అడిగాను. మా ఆవిడ పోయినప్పుడు పటం కట్టించడానికి ఒక్క మంచి ఫొటో కోసం ఇల్లంతా వెతికాం. ఎల్.టి.సి. మీద తిరిగిన ప్రతి ఊరి ఆల్బమూ ఉంది. అన్నింట్లోనూ ఆమె ఉంది గాని, మొహం ఎక్కడా తేటగా లేదు. చివరికి పెన్షను కాగితాలకని తీయించుకున్న జంట ఫొటోలోంచి ఆమెను విడదీసి పెద్దది చేయించాం.

తప్పు నాదే. లేపాక్షి నంది ఏకశిల, పొడవు సుమారు 27 అడుగులు, ఎత్తు 15. ఆమెను నంది పక్కన నిలబెట్టి, తోక దాకా రావాలని నేను వెనక్కి వెనక్కి నడిచాను. నంది వచ్చింది, మనిషి బొటనవేలంత అయింది. నేను వెనక్కి వెళ్లినచోటే ఆగి, ఆమెను నా వైపు నడిపించుకోవలసింది. నాలుగైదు అడుగుల దూరంలో, కాస్త పక్కకు నిలబెట్టి నడుము పైనుంచి తీస్తే, వెనక నందీ పడేది, ముందు మొహమూ పడేది. హంపి రాతిరథం దగ్గరయినా ఇదే లెక్క.

రెండోది వేళ. టూరు బస్సు మనల్ని మిట్టమధ్యాహ్నమే దింపుతుంది. ఎండ నడినెత్తిన ఉంటే కనుగుంటల్లో నల్లగా నీడ పడుతుంది. ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు దాటాక వెలుగు ఏటవాలుగా వస్తుంది, శిల్పాల చెక్కడమూ అప్పుడే బాగా తెలుస్తుంది. వేళ మన చేతిలో లేకపోతే చెట్టు నీడకో, మంటపం అంచుకో రండి. అదీ కుదరకపోతే పక్కవారిని ఒక తెల్ల తువ్వాలు మొహానికి కిందుగా, ఫొటోలో పడకుండా పట్టుకోమనండి. ఎండ దానిమీద పడి మొహంమీదికి తిరుగుతుంది, నీడలు పలచబడతాయి. చూసినవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

36 ఫొటోల రీలు రోజుల్లో పిసినారితనం చేశాం. సెల్‌ఫోనులో ఆ బెంగ లేదు, నాలుగు తీసి కళ్లు మూసినవి చెరిపేయండి. ముందు లెన్సును మెత్తని గుడ్డతో తుడవండి, వేళ్ల జిడ్డుకు ఫొటో మసకేస్తుంది. తెరమీద మనిషి మొహాన్ని వేలితో తాకితే ఫోను ఆ మొహానికి తగ్గట్టు వెలుగు సరిచేసుకుంటుంది.

“నా ఫొటో ఎందుకండీ, గుడిని తియ్యండి” అని మా ఆవిడ తప్పుకునేది. మీ ఇంట్లో అలా అంటే వినకండి. అన్నట్టు, కెమెరా ఎప్పుడూ నా చేతిలోనే ఉండటంవల్ల నా ఫొటోలూ లేవు.

టీ తరువాత ఫోన్లు పట్టుకుని ఆవరణలో వేపచెట్టు కిందికి రండి. తువ్వాలు నేను తెచ్చాను.