బజ్జీల పొట్లంలో వేలిముద్ర
(షోలాపూర్‌లో జరిగిన మన యూనియన్ సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి ప్రసంగ పాఠం)



బోనసు, కరువుభత్యం గురించి మాట్లాడవలసిన సభలో షేర్లు, సెబీ, కాగితాల భద్రత ఎందుకని కొందరు అడుగుతున్నారు. ముందు మా తప్పు చెప్పుకొని, తరువాత మిగతా మాటలు చెబుతాం.

కిందటి దీపావళికి యూనియన్ ఆఫీసు దులిపాం. మూడు సంచుల పాత కాగితాలను కిలోల లెక్కన అమ్మేశాం. పది రోజులకు వైండింగులో పనిచేసే ఒక చెల్లె వచ్చి, మిరపకాయ బజ్జీలు కట్టిన కాగితం మా బల్ల మీద పెట్టింది. నూనె మరకల మధ్య ఆమె ఫోటో, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, అడుగున బొటనవేలి ముద్ర. ప్రావిడెంట్ ఫండు కోసం మన ఆఫీసులో నింపిన ఫారం నకలు అది. ఆమె మమ్మల్ని తిట్టలేదు. "అన్నా, ఇది నా వేలే గదా?" అని మాత్రం అడిగింది. మాకు నోట మాట రాలేదు.

పగారులో పది రూపాయలు కోసినా గేటు ముందు బైఠాయించే వాళ్లం మనం. మన మనిషి వేలిముద్రను మాత్రం మన చేతులతోనే తూకానికి వేశాం. అందుకే ఈ ప్రసంగం.

సంతకం విలువ

ఒక్క కాగితంతో ఏమవుతుంది అనుకోవద్దు. పేరు, పాన్, ఖాతా నంబరు, ఫోన్ నంబరు ఒక్క చోట దొరికితే మోసగాడికి సగం పని అయినట్టే. మిగతా సగం ఓటీపీ. అది మనమే నోరారా చెబుతాం.

మన సభ్యుడొకాయన రిటైరై, గ్రాట్యుటీ, పీఎఫ్ చేతికి వచ్చిన వారానికే ఫోను వచ్చింది. మిల్లు పేరు, బ్యాంకు పేరు, వచ్చిన సొమ్ము అన్నీ అవతలివాడే చెప్పాడు. ఇంత తెలిసినవాడు మనవాడే అయి ఉంటాడని ఆయన నమ్మాడు. ఫోన్‌లోనే షేర్ల ఖాతా తెరిపించి, ఆప్షన్ల వ్యాపారంలోకి దింపారు. మూడు నెలల్లో సగం సొమ్ము పోయింది. అడగబోతే, "ఒప్పుకున్నది మీరే, ఇదిగో మీ ఓటీపీ" అన్నారు. ఆయన ఒప్పుకున్న పత్రం పొడుగునా ఇంగ్లీషు. ఒక్క ముక్క కూడా ఆయనకు తెలియదు.

ఈ ఆప్షన్ల, ఫ్యూచర్ల ఆట గురించి సెబీయే లెక్క తీసి 2024 సెప్టెంబరులో ప్రకటించింది. 2021–22 నుంచి 2023–24 వరకు మూడేళ్లలో కోటిమందికి పైగా మామూలు జనం ఇందులో దిగితే, నూటికి 93 మంది నష్టపోయారు. ఖర్చులతో కలిపి పోయినది 1.8 లక్షల కోట్ల రూపాయల పైమాట. ఇంతకంటే వేరే సాక్ష్యం ఎందుకు?

చదువుకున్నవాళ్లు మోసపోరనీ అనుకోవద్దు. మన హైదరాబాదులోనే పుట్టి పెరిగిన కార్వీ బ్రోకింగ్ సంస్థ సంగతి చూడండి. ఖాతా తెరిచేటప్పుడు ఖాతాదారులు రాసిచ్చిన అధికార పత్రాన్ని అడ్డుపెట్టుకొని, వాళ్ల షేర్లను బ్యాంకుల్లో తాకట్టు పెట్టి సంస్థ అప్పులు తెచ్చుకుంది. 2019 నవంబరు 22న సెబీ ఆ వాడకాన్ని ఆపింది. తాకట్టులో చిక్కినవి 95 వేలమందికి పైగా ఖాతాదారుల షేర్లు. డిసెంబరులో వారిలో 82 వేలమందికి పైగా షేర్లు తిరిగి వచ్చాయి. మిగతావాళ్లు తిరగవలసి వచ్చింది. 2020 సెప్టెంబరు నుంచి కొత్త పద్ధతి పెట్టారు. షేరు మన ఖాతాలోనే ఉండాలి, తాకట్టు పెట్టాలంటే మన ఫోన్‌కు ఓటీపీ రావాలి. అంటే తాళంచెవి మన చేతికి ఇచ్చారు. దాన్ని తీసుకెళ్లి అడిగినవాడికల్లా ఇస్తే చట్టం ఏం చేస్తుంది?

అడగవలసిన ప్రశ్నలు

సెబీ 1988లో ఏర్పడింది, 1992 చట్టంతో దానికి అధికారాలు వచ్చాయి. షేర్ల బ్రోకరుకు, సలహా ఇచ్చేవాడికి సెబీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఎవరైనా మీ ఇంటికి వస్తే మొదటి ప్రశ్న "నీ రిజిస్ట్రేషన్ నంబరు ఎంత?" అన్నదే కావాలి. బ్రోకరు నంబరు ఐఎన్‌జడ్ అనీ, సలహాదారు నంబరు ఐఎన్ఏ అనీ మొదలవుతుంది. నంబరు చెప్పాడు గదా అని నమ్మవద్దు, సెబీ జాబితాలో సరిచూడాలి. పిల్లలు ఫోన్‌లో రెండు నిమిషాల్లో చూస్తారు.

రిజిస్టరయిన బ్రోకరు మీద ఫిర్యాదుంటే సెబీ వారి స్కోర్స్‌లో పెట్టవచ్చు. అది అందిన 21 రోజుల్లో బ్రోకరు జవాబివ్వాలి. సెబీ ఉచిత ఫోన్ 1800 266 7575. సొమ్ము ఖాతా నుంచి పోయిందని తెలిసిన మరుక్షణం 1930కి ఫోన్ చేయండి. సిగ్గుపడి నాలుగు రోజులు దాచుకుంటే డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది. గల్లీలో డిపాజిట్లు వసూలు చేసి పారిపోయినవాడి సంగతి స్కోర్స్‌లో తేలదు. దానికి మహారాష్ట్రలో 1999 నాటి డిపాజిటర్ల రక్షణ చట్టం, కేంద్రంలో 2019 నాటి చట్టం ఉన్నాయి. పోలీసు స్టేషనుకే పోవాలి.

మన వివరాలు మన సొత్తు

ఇక కాగితాల సంగతి. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒక్క మాటగా, సొంత వివరాల గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పారు. పుట్టస్వామి కేసు అంటారు దాన్ని. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం చేసింది. 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి. సంస్థల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే నుంచి.

ఈ చట్టంలో మనవంటి వాళ్లకు పనికివచ్చే మాట ఒకటుంది. వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసును ఇంగ్లీషులోగాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనాగాని చూసుకునే వీలు కల్పించాలి. ఆ 22లో తెలుగు ఉంది. తాతల కాలంలో మగ్గం పని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చిన మనం, షోలాపూర్‌లో ఉండి కూడా "తెలుగులో చూపించు" అని అడగవచ్చు. ఇచ్చిన ఒప్పుదలను వెనక్కి తీసుకోవడం, ఇచ్చినంత సులువుగా ఉండాలనీ రాశారు.

లోపాలు దాచం. ఉద్యోగ అవసరం పేరుతో యజమాని కొన్ని వివరాలను మన ఒప్పుదల లేకుండానే వాడుకోవచ్చు. ఖాతా మూసినా గుర్తింపు కాగితాలను బ్రోకరు ఐదేళ్లు ఉంచుకోవాలి, మనీలాండరింగ్ చట్టం అలా చెబుతోంది. భద్రత పాటించని సంస్థకు 250 కోట్ల దాకా జరిమానా ఉంది గాని, అది పోయేది కేంద్ర ఖజానాకు. వివరాలు పోయిన కార్మికుడికి ఈ చట్టం కింద పైసా పరిహారం లేదు. దీని మీద కార్మిక సంఘాలు గొంతెత్తాలి.

ఇంకొక మాట. ఈ చట్టం కంప్యూటరుకెక్కిన వివరాలకే. బజ్జీలు కట్టిన కాగితం దీని కిందికి రాదు. ఆ చెల్లె కేసు పెట్టినా ఈ చట్టం మమ్మల్ని ఏమీ అనదు. కాని ఆమె మన ఆఫీసుకు వచ్చింది చట్టాన్ని నమ్మి కాదు, మనల్ని నమ్మి. అందుకని కార్యవర్గం ఈ నిర్ణయాలు చేసింది:

1. అవసరం లేని చోట ఆధార్ నకలు అడగం. అడిగినా, చివరి నాలుగు అంకెలే కనిపించే నకలు చాలు.

2. ఇచ్చే ప్రతి నకలు మీద ఎందుకోసమో, ఏ తేదీనో అడ్డంగా రాయాలి.

3. పని అయిన కాగితాలను ఇద్దరు సభ్యుల ఎదుట చింపి కాల్చాలి. ఒక్క తునకా అమ్మరాదు.

4. సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్ల జాబితాను ఎన్నికలప్పుడు ఏ పార్టీవాళ్లడిగినా, పండుగకు ఏ వ్యాపారి అడిగినా ఇచ్చేది లేదు.

5. ప్రతి ఆదివారం పొద్దున ఆఫీసులో, సంతకానికి ముందు ఫారాలు తెలుగులో చదివి వినిపిస్తాం.

6. హాజరు యంత్రంలో పెట్టే మన వేలిముద్రలు ఎవరెవరి చేతుల్లోకి పోతున్నాయో యాజమాన్యాలను రాతపూర్వకంగా అడుగుతాం.

ఆరోది అడిగే ముఖం మనకుండాలంటే ముందు మొదటి ఐదూ మనం పాటించాలి. తాళం వేయని ఇంటివాడు ఊరికి కాపలా కాస్తానంటే ఎవరూ నమ్మరు.

ఆ బజ్జీల కాగితం మేము పారేయలేదు. చెల్లె అనుమతి తీసుకొని, ఆమె ఎదుటే అంకెలు, ముద్ర నల్లసిరాతో పూర్తిగా కొట్టేసి, ఆఫీసు గోడకు తగిలించాం. వచ్చేవాళ్లు చూడాలి. మాకు కాబోయే కార్యదర్శులు కూడా చూడాలి.

అన్నలారా, అక్కలారా, తెలియకపోతే అడగండి, తెలిసేదాకా వేలు పెట్టకండి. సెలవు.